నాలుగు దఫాలు తొక్కిన తోట

వీధిలో అందరూ ఆయన్ని చదునయ్య అంటారు. అసలు పేరు జీతాల రోజున ఆఫీసులో తప్ప ఇంకెక్కడా వినపడదు. పురపాలక సంఘంలో రోడ్డు రోలరు నడపడం ఆయన ఉద్యోగం. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అదే పని. ఆ పట్టణంలో తారు కనిపించే ప్రతి చోటా ఎప్పుడో ఒకప్పుడు చదునయ్య చక్రం పొర్లే ఉంటుంది.

రోలరు నడిపేవాడి బతుకు కొంచెం విచిత్రమైనది. లోకంలో అందరూ ఎక్కడికో వెళ్ళడానికి బండెక్కుతారు. ఆయన మాత్రం వెళ్ళడానికీ ఎక్కుతాడు, వెనక్కి రావడానికీ ఎక్కుతాడు, పొద్దస్తమానం నడిపి ఎక్కిన చోటే దిగుతాడు. పెళ్ళైన కొత్తలో ఆయన భార్య మధ్యాహ్నం క్యారియరు పట్టుకెళ్ళి, కదులుతున్న బండి పక్కనే నడుస్తూ ఇంటి సంగతులన్నీ చెప్పేసి, వాటికి జవాబులు కూడా రాబట్టుకుని తిరిగొచ్చేదట. ఆయన అలిగి బండెక్కి వెళ్ళిపోయినా నడిచి పట్టుకోగలనని ఆవిడ ఇప్పటికీ ధీమాగా చెబుతుంది.

పని అలవాటు ఇంటిదాకా వచ్చింది. పళ్ళెంలో అన్నాన్ని గరిటె వెనకతో అదిమి చదును చేస్తేగానీ ముద్ద ఎత్తడు. దుప్పటి మీద ముడత కనిపిస్తే నిద్ర పట్టదు. దిండును రెండు అరచేతులతో నొక్కి నొక్కి అట్టముక్కలా తయారుచేసి దాని మీద హాయిగా గురకపెడతాడు. ఎనిమిది నెలల మనవరాలి ఉంగరాల జుట్టును చూస్తే ఆయన చెయ్యి ఊరుకోదు. నిమిరి నిమిరి అణుస్తాడు. చెయ్యి తీయగానే అది మళ్ళీ లేస్తుంది. చదునయ్యకు లొంగనిది ఆ ఇంట్లో అదొక్కటే.

కోడలు కూడా ఆ పురపాలక సంఘంలోనే ఇంజనీరు. వాననీటి పారుదల విభాగం, ఇంకా ఖాయం కాని ఉద్యోగం. ఇంట్లో ఆయన పెద్ద, ఆఫీసులో ఆమె పెద్ద. అందుకని ఇద్దరూ మాట్లాడుకోకుండానే ఒక ఒప్పందానికి వచ్చారు. ఆఫీసు గేటు లోపల ఆమె "డ్రైవర్ గారూ" అంటుంది, ఆయన "మేడమ్" అంటాడు. గేటు దాటి రోడ్డు మీద కాలు పెట్టగానే "మామయ్యా", "అమ్మాయ్" మొదలవుతాయి. గేటు మధ్యలో ఎదురైతే ఇద్దరూ దగ్గి ఊరుకుంటారు.

వాళ్ళ వీధి పట్టణంలో అన్నిటికంటే పల్లం. రెండు గంటలు గట్టిగా వాన కురిస్తే పై ఆరు వీధుల నీళ్ళూ వాళ్ళ గుమ్మం ముందుకే వస్తాయి. నీళ్ళతోపాటు ఎవరెవరి చెప్పులో కొట్టుకొచ్చి మెట్ల దగ్గర సభ తీరుతాయి. ఒకరోజు భోజనాల దగ్గర కోడలు దానికి కారణం చెప్పింది. పూర్వం వాన మట్టి మీద పడేది, లోపలికి ఇంకిపోయేది. ఇప్పుడు పడితే కప్పు మీద, లేదంటే సిమెంటు మీద, లేదంటే తారు మీద. పదిపాళ్ళ వానలో తొమ్మిదిపాళ్ళు పరుగులు పెడుతోంది. ఊరంతటికీ మూత పెట్టేశాం మామయ్యా, అంది.

ఆ మూత పెట్టింది ఎవరో భోజనాల దగ్గరున్న అందరికీ తెలుసు. చదునయ్య రెండు రోజులు ముభావంగా తిరిగి, మూడో రోజు మూత గట్టిగా పెట్టడమే తన డ్యూటీ అని ఒక్క ముక్క అని ఊరుకున్నాడు.

ఆమె ఒక పథకం రాసింది. ఏడు వీధుల చివర, నీళ్ళు మురుగుకాలవలో పడబోయే ముందు, ఒక్కో ఇంకుడు తోట. నలభై అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు. రోడ్డుకన్నా అడుగు పల్లంగా ఉంటుంది. రోడ్డు అంచురాళ్ళలో అక్కడక్కడా సందులు కోస్తే వాననీరు అందులోకి దిగుతుంది. లోపల అడుగున్నర మందాన ఇసుకా ఆకుల ఎరువూ కలిపిన గుల్ల మట్టి, దానిలో తడికీ ఎండకీ ఓర్చే మొక్కలు. నీళ్ళు కాసేపు నిలిచి మెల్లగా నేలలోకి పోతాయి. కాలవ మీద భారం తగ్గుతుంది, మొక్కలకు తాగడానికి దొరుకుతుంది, చెప్పులు ఎవరింట్లో వాళ్ళవి ఉంటాయి.

పెద్ద ఇంజనీరు ఆ కాగితాలు చూసి నుదురు రుద్దుకున్నాడు. ఆయన అనుభవంలో గుంట అంటే దోమలు, దోమలంటే ఫిర్యాదులు. చివరికి ఒక షరతు పెట్టాడు. ముందు ఒక్క తోట, అదీ ఆమె ఉండే వీధి చివర. మొదటి పెద్ద వాన వెలిసిన ఇరవై నాలుగు గంటల్లో చుక్క నీరు మిగలకుండా ఇంకితే మిగతా ఆరు వీధులకూ అనుమతి. మిగిలితే పూడ్చి సిమెంటు వేసి స్కూటర్లు నిలుపుకోవడానికి ఇచ్చేస్తారు. పథకం బీరువాలోకి పోతుంది.

ఆమె వెంటనే ఒప్పుకుంది. ధైర్యం ఊరికే రాలేదు. రెండువైపులా మూతలు కోసేసిన డబ్బాను మట్టిలోకి దిగగొట్టి, నీళ్ళు పోసి, గడియారం పెట్టుకుని చూసింది. అరగంటకు అంగుళం దిగింది. పైగా దోమల సంగతి ఆమెకు ఒకరు చెప్పాలా? రాత్రి పాప దోమతెర అంచులు పరుపు కిందికి దోపి, చుట్టూ వేలితో తడిమి, లేచొచ్చి మళ్ళీ తడిమే మనిషి. ఆ పాప ఉయ్యాలకు యాభై అడుగుల దూరంలో దోమల కర్మాగారం పెట్టుకుంటుందా?

కూలీలు మూడు రోజుల్లో గుంట తవ్వారు. పిల్లలు కాలు జారి పడకుండా పక్కలు ఏటవాలుగా ఉండాలంది, అలాగే చేశారు. గుల్ల మట్టి నింపారు. దాని మీద ఎవరూ కాలు పెట్టకూడదని చెప్పి, చుట్టూ తాడు కట్టించి ఆమె ఇంటికెళ్ళింది. మర్నాడు పాపకు టీకా. టీకా తర్వాత జ్వరం రానే వచ్చింది. రెండు రోజులు సెలవు పెట్టి థర్మామీటరుతోనే కాపురం చేసింది.

ఇక్కడే కథ అడ్డం తిరిగింది.

గుంట నింపిన రోజు సాయంత్రం చదునయ్య చిన్న రోలరును షెడ్డుకు తోలుకెళ్తూ వీధి చివర ఆగాడు. కోడలి తోట చూశాడు. ప్రాణం ఉసూరుమంది. మట్టి అంతా పెళ్ళలు పెళ్ళలుగా, పొంగి, పందికొక్కులు తిరగేసినట్టుంది. మర్నాడు పెద్ద ఇంజనీరు అటే వస్తాడు. మట్టి నింపి తొక్కకుండా వదలడమంటే ఆయన వృత్తిలో చొక్కా గుండీలు పెట్టుకోకుండా ఊరేగడమే. పాపం, చదువుకున్న పిల్ల, ఇలాంటివి పుస్తకాల్లో ఉండవు కాబోలు అనుకున్నాడు. తాడు ఎందుకంటే కుక్కలు రాకుండా అనుకున్నాడు. విప్పాడు. ఏటవాలు పక్క మీదుగా బండి దించాడు. రెండు బకెట్ల నీళ్ళు చిలకరించి, అటూ ఇటూ నాలుగు దఫాలు శ్రద్ధగా తొక్కాడు. దిగి చీపురుతో పైపైన ఊడ్చి, వంగి ఒక కన్ను మూసి వాటం చూసుకున్నాడు. క్యారమ్ బోర్డులా ఉంది. తాడు మళ్ళీ కట్టేసి, మంచి పని చెప్పుకోకూడదని ఎవరికీ చెప్పకుండా ఇంటికెళ్ళి కడుపునిండా తిన్నాడు.

మర్నాడు మొక్కలు నాటడానికి వచ్చిన తోటమాలి పార వేస్తే ఠంగుమంది. ఆమె మనిషి సన్నమే గానీ నోరు లావు. ఇంజనీరమ్మ బండరాయి మీద తోట పెంచమంటోందని గొణుక్కుంటూ, గునపంతో నలభై గుంతలు పొడిచి, మెట్టతామరలూ గడ్డిదుబ్బులూ నాటి, ఎండాకులు కప్పి పోయింది. పెద్ద ఇంజనీరు వచ్చి బూటుకాలితో రెండుసార్లు తన్ని చూసి, పని గట్టిగా చేశారని మెచ్చుకున్నాడు కూడా.

తొమ్మిదో రోజున వాన పడింది. మామూలు వాన కాదు, కుండపోత. వీధి వీధంతా కిటికీల్లో నిలబడి చూసింది. నీళ్ళు అంచురాళ్ళ సందుల్లోంచి బుద్ధిగా తోటలోకి దిగాయి. మెట్ల దగ్గరికి ఒక్క చెప్పు రాలేదు. ఎదురింటాయన ఆనందం పట్టలేక తన పాత చెప్పొకటి తెచ్చి వదిలి మరీ చూశాడు. సాయంత్రం అయిదింటికి వాన వెలిసింది. కోడలు అంగుళాలు గీసిన కర్రను తోట మధ్యలో పాతింది.

తెల్లారి చూస్తే నీళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి. పదింటికీ అంతే. పన్నెండింటికి పావు అంగుళం తగ్గింది. అది ఎండకు పోయిన నీరని ఆమెకు తెలుసు. మధ్యాహ్నం భోజనానికి వచ్చి, పళ్ళెం ముందు కూర్చుని, మెతుకు ముట్టకుండా పాత లెక్కల కాగితాలు తిరగేస్తోంది. తనే ఎక్కడో పొరపాటు చేసింది. డబ్బా తప్పు చోట దించిందేమో. గడియారం తప్పు చూసిందేమో. సాయంత్రం అయిదింటికి పెద్ద ఇంజనీరు వస్తాడు.

ఉన్నట్టుండి తలెత్తి అడిగింది.

"మామయ్యా, మట్టిలోకి నీళ్ళు అస్సలు దిగకుండా చేయాలంటే ఏం చేస్తారు? మీకు తెలిసినంత ఎవరికీ తెలియదు కదా."

చదునయ్యకు ఛాతీ పొంగింది. కోడలు ఆయన వృత్తి గురించి సలహా అడగడం ఇదే మొదటిసారి. ముద్ద పక్కన పెట్టి సర్దుకుని కూర్చున్నాడు.

"అదేం బ్రహ్మవిద్య అమ్మాయ్? గుల్ల మట్టయితే ముందు కాస్త తడపాలి. మరీ బురద కాకూడదు. తర్వాత చిన్న రోలరు తీసుకుని నాలుగు దఫాలు..."

అక్కడ ఆగిపోయాడు. నోరు తెరిచే ఉంది.

పొలమారిందనుకుని భార్య నెత్తి మీద తట్టింది. లోపల గదిలో పాప లేచి ఏడ్చింది. కోడలు కాగితాలు పక్కన పడేసి పరిగెత్తింది. ఆ వాక్యం మిగతా సగం ఎవరూ అడగలేదు. చదునయ్య తేలు కుట్టిన దొంగలా పళ్ళెం ముందు కూర్చుండిపోయాడు. జీవితంలో మొదటిసారి, మారు వడ్డించిన అన్నం గుట్టగా ఉండగానే చెయ్యి కడిగేసుకున్నాడు.

పెరట్లో భార్యకు చెప్పాడు. చెబితే ఏమవుతుందో కూడా చెప్పాడు. అనుమతి లేకుండా బండి దించినందుకు ఆఫీసులో మాట పడాలి. అది పెద్ద విషయం కాదు. కోడలి మొహం ఎలా చూడాలి? తన చేతుల్తో తన ఇంటి పిల్ల పనిని తొక్కి, పైగా చీపురుతో ఊడ్చి వచ్చాడు. ఆవిడ అంతా విని, ఉతికిన బట్ట ఝాడించి తీగ మీద వేసింది.

"తొక్కింది మీరు, నలిగింది ఆ పిల్ల. ఇంకా ఇక్కడ నిలబడతారేం?"

అయిదింటికి వీధి చివర అందరూ చేరారు. పెద్ద ఇంజనీరు కర్ర మీద గీతలు చూశాడు. పదకొండు అంగుళాల నీళ్ళు అలాగే ఉన్నాయి. కోడలు చేతులు కట్టుకుని నిలబడింది. షరతుకు ఒప్పుకున్నది ఆమే. పెద్ద ఇంజనీరు చెడ్డవాడు కాడు. జాలిగానే తల ఊపి, మర్నాడు నీళ్ళు తోడించి పూడ్చేయమని చెప్పి, జనంలో ఉన్న చదునయ్య వైపు తిరిగాడు.

"ఏమయ్యా, పూడ్చాక రోలరు తొక్కించెయ్."

"తొక్కక్కర్లేదు సార్. తొక్కేశాను." చదునయ్య ముందుకు వచ్చాడు. "మొక్కలు పెట్టకముందే. నాలుగు దఫాలు. మేడమ్‌కు తెలియదు."

అందరూ ఆయన్నే చూశారు. తోటమాలికి ముందు అర్థమైంది. తన గునపం వంకరపోవడానికి ఈ మహానుభావుడా కారణమని ఆమె మొదలుపెట్టేలోపు పెద్ద ఇంజనీరు నవ్వాడు. ఆయన నమ్మలేదు.

"కోడలి కోసం నింద నెత్తిన వేసుకుంటున్నావు. మంచి మామవే. కానీ కథలు చెప్పకు."

జనం కూడా అదే అనుకున్నారు. ఒకరిద్దరు ఆడవాళ్ళయితే అలాంటి మామగారు దొరకడం అదృష్టమని కొంగు కళ్ళకు అద్దుకున్నారు. చదునయ్యకు తిక్కరేగింది. తప్పు ఒప్పుకుంటే తిడతారనుకున్నాడుగానీ, ఇలా దండ వేస్తారనుకోలేదు.

"సార్, నేను తొక్కిన చోట నీళ్ళు దిగాయని ఈ ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఎవరైనా మీకు చెప్పారా? ఒక్కరు? ఇది నా పనే సార్. నీళ్ళు చూస్తే తెలియడం లేదూ?"

అప్పటిదాకా కోడలు ఆయన మొహంలోకే చూస్తోంది. ఆమె కళ్ళలో ఏముందో చదునయ్య చూడదలచుకోలేదు. ఆమె మాత్రం గొంతు సవరించుకుని, ఆఫీసు గొంతుతోనే మాట్లాడింది. డ్రైవర్ గారు చెప్పేది నిజమో కాదో తేల్చుకోవడం సులువేనంది. తోట మధ్యలో బంకమట్టితో చిన్న గట్టు వేద్దాం. ఒక సగం లోతుగా గుల్ల చేద్దాం, రెండో సగం ముట్టుకోవద్దు. అదే వాన, అదే మట్టి, అవే మొక్కలు. తేడా వస్తే కారణం తొక్కడమే. రాకపోతే మీ సిమెంటు మీరు పోసుకోండి, అంది.

పెద్ద ఇంజనీరు ఆకాశం వైపు చూసి, ఇంకొక్క వాన, అన్నాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర కోడలు చాలా మర్యాదగా ఉంది. "డ్రైవర్ గారూ, మంచినీళ్ళ చెంబు ఇటివ్వండి" అంది. కొడుకు నవ్వబోయి తల్లి చూపు చూసి ఆగాడు. "డ్రైవర్ గారూ, పాపను కాస్త ఎత్తుకోండి." చదునయ్యకు ఆఫీసులో పడే మాటలు ఇంతకన్నా నయమనిపించింది.

నీళ్ళు తోడించి, మధ్యలో గట్టు వేయించాక, సెలవురోజు పొద్దున్నే చదునయ్య ముళ్ళపార పట్టుకుని తోటలో దిగాడు. తోటమాలి రోడ్డు అంచురాయి మీద కూర్చుని అజమాయిషీ. ఒక సగంలో మొక్కలు పీకి, మళ్ళీ నాటడానికి పక్కన పెట్టించింది. పార దింపాలి, వెనక్కి వంచి మట్టిని పైకి లేపాలి, వదిలెయ్యాలి. వదలడమే ఆయనకు చేతకావడం లేదు. లేపిన ప్రతి పెళ్ళనీ పాదం దానంతట అదే వెళ్ళి అదుముతోంది. తోటమాలి మూడుసార్లు చెప్పి, నాలుగోసారి పొడుగాటి చెక్క తెచ్చి పడేసింది.

"అన్నయ్యా, నీ కాలు కూడా రోలరే. దీని మీంచి దిగావో, నిన్నే పాతిపెట్టి నీళ్ళు పోస్తా."

చదునయ్య చెక్క మీద నిలబడి రోజంతా తవ్వాడు. తను నొక్కినదాన్ని తనే లేపడం ఎంత కష్టమో నడుముకు తెలిసింది. నాలుగు దఫాలకు పావుగంట పట్టింది, గుల్ల చేయడానికి పొద్దు గుంకింది. సాయంత్రం టీ గ్లాసును రెండు చేతులతో పట్టుకుని తాగాడు.

అయిదు రోజులకు రెండో వాన వచ్చింది. రెండు సగాలూ సమానంగా నిండాయి. వెలిసేసరికి సాయంత్రమైంది. మర్నాడు పదింటికి పెద్ద ఇంజనీరు గొడుగు పట్టుకుని ఒక్కడే వచ్చాడు. చదునయ్యా కోడలూ అప్పటికే అక్కడున్నారు. తోటమాలి కూడా ఉంది, ఆమెను ఎవరూ పిలవలేదు.

గట్టుకు ఇవతల చుక్క నీరు లేదు. తడిసిన ఆకులు, వాటి మధ్య ఒక వానపాము తీరిగ్గా పోతోంది. గట్టుకు అవతల నీళ్ళు అద్దంలా నిలిచి ఉన్నాయి, పెద్ద ఇంజనీరు మొహం, గొడుగు, వెనక కరెంటు స్తంభం అన్నీ స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఆయన గట్టు మీద నిలబడి ఇటు చూశాడు, అటు చూశాడు. మళ్ళీ ఇటు చూశాడు.

"నిజంగానే తొక్కావయ్యా నువ్వు."

"చెప్పాను కద సార్," అన్నాడు చదునయ్య, కాస్త గర్వంగానే.

పెద్ద ఇంజనీరు, మిగతా సగం కూడా గుల్ల చేయించమని, ఆరు వీధుల కాగితాలు సోమవారం బల్ల మీద ఉండాలని కోడలికి చెప్పాడు. చదునయ్యకు రాతపూర్వకంగా ఒక హెచ్చరిక ఇచ్చాడు. ఆ ఆరు తోటల దరిదాపుల్లో ఆయన బండి చప్పుడు కూడా వినపడకూడదు. చదునయ్య ఆ కాగితాన్ని మడత లేకుండా చేసి, పుస్తకాల కింద పెట్టి దాచుకున్నాడు.

ఆ మధ్యాహ్నం గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ కోడలు వెనక్కి తిరిగింది. పాపను అత్తగారికి అందించి, టీకా కార్డు ఎక్కడుందో, జ్వరం మందు ఎక్కడుందో అవసరం లేకపోయినా మరోసారి చెప్పింది.

"మామయ్యా, నాతో రండి. ఆరు వీధుల్లో ఎక్కడ తవ్వాలో నా డబ్బాతో చూస్తే నెల పడుతుంది. మీరు ఎక్కడ ఎంత తొక్కారో మీకు గుర్తుండే ఉంటుంది."

ఆయనకు ముందు వినపడింది మొదటి మాట. తర్వాతే మిగతావి.

గుర్తుండటమేమిటి, నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. మడమతో రోడ్డు పక్క నేలను తట్టుకుంటూ ముందు నడిచాడు. ఇక్కడ ఆరు దఫాలు, గడ్డపార కూడా దిగదు, వదిలెయ్. ఇక్కడ మూడే, డీజిలు అయిపోయింది. ఈ మలుపు నేను కాదు, నా ముందాయన, ఆయనకు నడుం నొప్పి, తేలిగ్గా తొక్కేవాడు, ఇక్కడ తవ్వుకో. కోడలు వెనకాలే రాసుకుంటూ వచ్చింది. ఎందుకైనా మంచిదని ఆయన తవ్వుకోమన్న ప్రతి చోటా డబ్బా దించి చూసింది. ఆయన చెప్పింది ఒక్కచోట కూడా తప్పలేదు.

నాలుగో వీధి చివర, నీళ్ళ ట్యాంకు వెనకాల మాత్రం ఆయన నడక పెరిగింది. ఇక్కడేం లేదు పద, అన్నాడు. అలా అన్నందుకే ఆమె ఆగింది. డబ్బా దించి నీళ్ళు పోసింది. గడియారం వైపు చూసి తలెత్తేలోపు నీళ్ళు లేవు. పట్టణంలో ఎక్కడా అంత తొందరగా దిగలేదు. ఆమె ఆఫీసు నుంచి తెచ్చిన పాత రోడ్డు పనుల కాగితాలు తిరగేసింది.

"ఆరు దఫాలు తొక్కినట్టు ఉందే ఇక్కడ. కింద మీ సంతకం."

చదునయ్య ట్యాంకు చుట్టూ ఎవరైనా ఉన్నారేమో చూశాడు.

"ఆ రోజు తొక్కలేదు. కబురొచ్చింది, బండి అక్కడే వదిలేసి పరిగెత్తాను. మర్నాడు సంతకం పెట్టేశాను."

"ఏం కబురు?"

"మీ ఆయన పుట్టాడు." చదునయ్య మెడ గోక్కున్నాడు. "ఇది మాత్రం రిపోర్టులో రాయకు తల్లీ. ఇంకా రెండేళ్ళ సర్వీసు ఉంది."

ఆమె పెన్ను మూత తీసింది. తర్వాత, ఇక్కడి మట్టి సహజంగా గుల్లగా ఉంది, ఆరింటిలో మొదటి తోటకు ఇదే అనువు అని రాసి, ఆయనకు చదివి వినిపించి, రెండో చెంబు నీళ్ళు పోసింది. అవి కూడా దిగిపోయాయి.